కొండమీది చెట్టు వెనక చంద్రుడు: నాలుగు నెలలు పట్టిన ఒక్క ఫొటో

ఫొటోలో ఉన్నది ఇంతే. ఒక కొండ గట్టు, గట్టు మీద ఒకే ఒక్క చెట్టు, ఆ చెట్టు మొత్తం లోపల ఇమిడిపోయేంత చంద్రుడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 400 ఎంఎం లెన్స్, లెన్స్ రంధ్రం ఎఫ్/8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 400, షట్టర్ 1/15 సెకను. ఒకటే ఎక్స్‌పోజర్, తర్వాత అతికించింది ఏమీ లేదు. చూసినవాళ్ళంతా ముందు అడిగేది ఏ లెన్స్ అని. లెన్స్ సంగతి తర్వాత, ఎక్కడ నిలబడ్డాను, ఏ సాయంత్రం ఏ నిమిషానికి నిలబడ్డాను అన్నదే ఈ ఫొటోని ఇచ్చింది. అది వంటబట్టడానికి నాకు నాలుగు చంద్రోదయాలు పట్టాయి, మూడు పోయాయి, నాలుగోది దక్కింది. పోయిన మూడూ ఎందుకు పోయాయో కూడా వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్ళకీ దాదాపు ఇవే తగులుతాయి.

ముందు సైజు సంగతి

ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంతే. కొండ అంచున ఉన్నప్పుడు పళ్ళెమంత కనిపించేది మన కంటి భ్రమ. నిజానికి నెత్తి మీదకి వచ్చినప్పటికన్నా అంచున ఉన్నప్పుడే మనకి కాస్త దూరంగా ఉంటాడు, కాబట్టి ఒక వెంట్రుకవాసి చిన్నగానే ఉంటాడు. కెమెరాకి ఆ భ్రమ లేదు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగిస్తే సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లో దాదాపుగా వచ్చేస్తుంది. 24 ఎంఎంతో తీస్తే 0.2 మిల్లీమీటరు, అంటే ఒక చుక్క. 400 ఎంఎంతో 3.6 మిల్లీమీటర్లు. ఫోన్‌తో తీసి "కంటికి అంత పెద్దగా కనిపించాడే, ఇందులో ఇంతే ఉన్నాడేంటి" అని బాధపడేవాళ్ళకి జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఇదే 110 ఇంకో పనికీ వస్తుంది, నాకైతే అసలైన పని అదే. ఏదైనా వస్తువు చంద్రుడంత కనిపించాలంటే దాని ఎత్తుకి 110 రెట్లు దూరం వెళ్ళి నిలబడాలి. 1.7 మీటర్ల మనిషి అయితే 190 మీటర్లు, 20 మీటర్ల టవర్ అయితే 2.2 కిలోమీటర్లు. దగ్గరికి వెళ్ళేకొద్దీ వస్తువు పెరుగుతుంది, చంద్రుడు మాత్రం అంతే ఉంటాడు. దూరం పోయేకొద్దీ వస్తువు చిక్కిపోతుంది, చంద్రుడు అప్పుడూ అంతే. "పెద్ద చంద్రుడు" కావాలంటే పెద్ద లెన్స్ కొనడం సగమే, మిగతా సగం కాళ్ళకి పని చెప్పడం.

చెట్టు ఎత్తు ఎవరికి తెలుసు? కొండెక్కి కొలవక్కర్లేదు. ముందొక రాత్రి అదే లెన్స్‌తో చంద్రుణ్ణి ఒక్కణ్ణీ తీసి, ఆ ఫైల్లో వెడల్పు ఎన్ని పిక్సెళ్ళో చూశాను. నా 24 మెగాపిక్సెల్ కెమెరాలో దాదాపు 600 వచ్చింది. తర్వాత పగటిపూట చెట్టుకి ఎదురుగా ఉన్న మైదానంలో వెనక్కి నడుస్తూ, వంద మీటర్లకోసారి ఆగి చెట్టుని తీస్తూ పోయాను. మొదలు నుంచి కొస దాకా చెట్టు ఎత్తు 600 పిక్సెళ్ళకి కాస్త లోపలికి వచ్చిన చోట ఆగి మ్యాప్‌లో చూస్తే 1.6 కిలోమీటర్లు. అంటే చెట్టు 14 మీటర్ల ఎత్తు ఉందన్నమాట. ఏ సూత్రం సరిగా గుర్తులేకపోయినా ఈ పద్ధతి మోసం చెయ్యదు, ఎందుకంటే ఇందులో కొలతబద్ద చంద్రుడే.

మొదటి నెల: పౌర్ణమి అన్న మాట నమ్మి పోగొట్టుకున్నది

క్యాలెండర్లో పౌర్ణమి అని ఉన్న తేదీ సాయంత్రమే వెళ్ళాను. చంద్రుడు బ్రహ్మాండంగా వచ్చాడు. అప్పటికి సూర్యుడు అస్తమించి 40 నిమిషాలు దాటింది, కొండ మొత్తం చీకట్లో కలిసిపోయింది. చంద్రుడికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఫ్రేములో చంద్రుడు తప్ప మిగతాదంతా నలుపు. కొండ లీలగానైనా కనిపించాలని 15 సెకన్లు ఇస్తే చంద్రుడు తెల్లటి ముద్ద, పైగా ఆ 15 సెకన్లలో తన వెడల్పులో ఎనిమిదో వంతు పక్కకి జరిగిపోయాడు, అంచులు సాగిపోయాయి.

ఇక్కడ వెలుగుల లెక్క ఒకసారి చూడాలి. చంద్రుడంటే రాత్రి కనిపించేది కాబట్టి చీకటి వస్తువు అనుకుంటాం, కానీ ఎండలో ఉన్న రాయి అది. మన పగటి మీద పడే ఎండే దాని మీదా పడుతుంది. పైకి వచ్చిన నిండు చంద్రుడికి ఎఫ్/11, షట్టర్ స్పీడు ఐఎస్ఓ ఎంతో సెకనులో అన్నో వంతు చాలు, దీన్నే లూనీ 11 అంటారు. వెన్నెల పడ్డ నేల సంగతి వేరు. ఎండతో పోలిస్తే నిండు వెన్నెల సుమారు 4 లక్షల రెట్లు తక్కువ, స్టాపుల్లో (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు) చెప్పాలంటే 18కి పైనే. ఇవాళ్టి మంచి సెన్సర్ కూడా ఒక ఫ్రేములో 14 స్టాపులు పట్టుకుంటే గొప్ప. కాబట్టి నడిరాత్రి వెన్నెల్లో నేలనీ చంద్రుణ్ణీ ఒకే ఎక్స్‌పోజర్‌లో తేవడం చేతగానితనం వల్ల కాదు, భౌతికంగానే కుదరదు. రెండు వెలుగులూ దగ్గరికొచ్చేది సందెవేళ మాత్రమే, సూర్యుడు దిగిన ఐదు నిమిషాల నుంచి ఇరవై నిమిషాల వరకు. "రాత్రి చంద్రుడి ఫొటో" అని మనం మెచ్చుకునేవాటిలో చాలావరకు తీసింది సందెలోనే.

1941లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీసినప్పుడు జరిగింది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. హడావుడిలో లైట్ మీటర్ దొరకలేదు, అప్పుడు చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అన్నది గుర్తుకొచ్చి, దాన్ని బట్టి ఎక్స్‌పోజర్ లెక్కగట్టాడు. ఒక్క నెగెటివ్ తీసి రెండోది తీసేలోపే ముందున్న సమాధుల శిలువల మీది ఎండ పోయింది. పైకి వచ్చిన నిండు చంద్రుడి వెలుగు దాదాపు మారదు, దాన్ని ఒకసారి బుర్రలో పెట్టుకుంటే జీవితాంతం పనికొస్తుంది. మారేదల్లా నేల మీది వెలుగు, అదీ నిమిషాల్లో.

మరి పౌర్ణమి నాడే ఎందుకు తప్పింది? చంద్రుడు నిండేది ఒక క్షణం, దానికో గంట నిమిషం ఉంటాయి. ఆ నెల అది తెల్లవారుజామున పడింది. అదే తేదీ సాయంత్రానికి 15 గంటలు గడిచిపోయాయి, చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఆ లెక్కన అరగంట ఆలస్యం, కొండ దాటి రావడానికి ఇంకాస్త. అప్పటినుంచి నేను పౌర్ణమి తేదీ చూడటం మానేశాను. సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ మధ్య ఎన్ని నిమిషాలో అదొక్కటే చూస్తాను. ఎదురుగా ఎత్తు లేని చోటైతే చంద్రోదయం అస్తమయంతో పాటే ఉండాలి, లేదా ఐదు పది నిమిషాలు తర్వాత. చంద్రుడు బాగా పైకొచ్చాక కావాలంటే పౌర్ణమి ముందు రోజు మేలు.

రెండో నెల: యాప్ చెప్పింది నిజమే, కానీ కొండ సంగతి దానికి తెలియదు

ఈసారి నిమిషాలు సరిగ్గా కుదిరాయి. ఫోటోపిల్స్ యాప్‌లో చంద్రోదయం దిక్కు చూసి, చెట్టు మీదుగా ఆ గీత నా వైపు వచ్చే చోట ట్రైపాడ్ పెట్టాను. చంద్రుడు చెట్టుకి కుడివైపు లేచాడు. తన వెడల్పుకి పైగా పక్కకి. ఆ క్షణంలో గుండె జారిపోయింది, ఎందుకంటే ఎడమవైపు 20 మీటర్లు జరిగితే దొరికేవాడు, ఎడమవైపేమో నిండా నీళ్ళున్న గుంట.

జరిగింది ఇదీ. యాప్‌లో కనిపించే చంద్రోదయం సమయం, దిక్కు రెండూ చదునైన దిగంతానికి వేసినవి. నా చెట్టు మొదలు నా కళ్ళకన్నా 45 మీటర్లు ఎత్తులో ఉంది, 1.6 కిలోమీటర్ల దూరానికి అది 1.6 డిగ్రీలు. కొంచెమే కదా అనిపిస్తుంది, కానీ చంద్రుడు అర డిగ్రీ మనిషి, 1.6 డిగ్రీలంటే అతనికి మూడు నిలువులు. అంత ఎక్కి గట్టు మీద తల పెట్టేసరికి ఎనిమిది నిమిషాలు, చెట్టు నడుముకి వచ్చేసరికి పది. పైగా చంద్రుడు నిలువుగా లేవడు, ఏటవాలుగా లేస్తాడు. ఉత్తరార్ధగోళంలో ఎక్కుతూ కుడికి ఒరుగుతాడు, దక్షిణాన ఎడమకి. భూమధ్యరేఖ దగ్గర దాదాపు నిట్టనిలువు, అక్కణ్ణుంచి దూరం పోయేకొద్దీ ఒరుగు ఎక్కువ. నేను తీసిన చోట ఆ పది నిమిషాల్లో ఒరిగింది 0.7 డిగ్రీలు, నేల మీద 20 మీటర్లు. చంద్రుడు కుడికి పోతే మనం ఎడమకి నడవాలి, అప్పుడే చెట్టు కుడికి జరిగి అతని ముందుకొస్తుంది. మొదట్లో ఇది ఎవరికైనా తిరగబడుతుంది. ఇంట్లో కిటికీ ఊచ ముందు నిలబడి దూరంగా ఉన్న దీపాన్ని చూస్తూ అటూ ఇటూ కదిలితే ఒక్క నిమిషంలో ఒంటికి తెలిసిపోతుంది.

దీనికి మందు సులువే. యాప్‌లో చంద్రోదయం దగ్గర ఆగిపోకుండా సమయాన్ని ముందుకి జరుపుతూ, చంద్రుడి ఎత్తు చెట్టు నడుము ఎత్తుకి వచ్చిన క్షణంలో దిక్కు ఎంతో అది తీసుకోవాలి. ఆ దిక్కు గీతనే చెట్టు మీదుగా వెనక్కి లాగాలి.

ఇంకొకటి, నెల మారితే దిక్కూ మారిపోతుంది. పోయిన నెల నిలబడ్డ చోటే ఈ నెలా పనికొస్తుందనుకుంటే పొరపాటు. ఏడాదిలో కొన్ని నెలల్లో నిండు చంద్రుడు లేచే దిక్కు నెలకి పది డిగ్రీల దాకా జరుగుతుంది, 1.6 కిలోమీటర్ల దూరంలో అది 280 మీటర్లు. అందుకే రెండో ప్రయత్నం తర్వాత చెట్టుని కేంద్రంగా పెట్టుకుని, 1.6 కిలోమీటర్ల వంపు వెంట పగలంతా నడిచి, నిలబడటానికి వీలైన చోట్లన్నీ మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాను. గుంట, పొదలు, మధ్యలో అడ్డొచ్చే ఇంకో చెట్టు, అన్నీ. ఆ ఒక్క రోజు నడకే చివరికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

మూడో నెల మబ్బు. దిగంతం మీద సన్నటి పట్టీలా పడుకుంది, నెత్తి మీద ఆకాశం మాత్రం అద్దంలా ఉంది. చంద్రుడు అందులోంచి బయటపడేసరికి చెట్టుని దాటి పైకి వెళ్ళిపోయాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు.

నాలుగో నెల

ఈసారి చంద్రోదయం అస్తమయానికి మూడు నిమిషాల ముందు. లెక్క ప్రకారం గట్టు మీద తల కనిపించేది అస్తమయం తర్వాత ఐదో నిమిషం, చెట్టు వెనకకి సరిగ్గా వచ్చేది ఏడో నిమిషం. అడుగున తాకడం దగ్గర్నుంచి కొస దాటి పూర్తిగా విడిపోయే దాకా మొత్తం నాలుగున్నర నిమిషాలు. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి పట్టేది రెండే నిమిషాలు కాబట్టి అంతకన్నా రాదు.

గంటన్నర ముందే వెళ్ళాను. ట్రైపాడ్ కాళ్ళు పొట్టిగా, నడిమి గొట్టం అసలు పైకెత్తకుండా, కింద సంచి వేలాడదీసి పెట్టాను. కొద్దిగా గాలి ఉంది, లెన్స్ హుడ్ తెరచాపలా గాలిని పట్టేస్తుంది కాబట్టి తీసేశాను. స్టెబిలైజేషన్ ఆఫ్, రిమోట్ ఉంది, షట్టర్ ఎలక్ట్రానిక్. వెలుగు ఉండగానే స్క్రీన్ మీద పెద్దది చేసి చెట్టు కొమ్మల మీద చేత్తో ఫోకస్ పెట్టి, రింగు కదలకుండా టేపు వేశాను. 400 ఎంఎం, ఎఫ్/8 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం (అంతకన్నా అవతల ఫోకస్ పెడితే అక్కణ్ణుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది) దాదాపు 670 మీటర్లు, చెట్టు దానికి ఎంతో అవతల ఉంది, చెట్టు మీద ఫోకస్ ఉంటే చంద్రుడికి మళ్ళీ వేరే ఫోకస్ అక్కర్లేదు. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో ఉంచాను. ఆటోలో పెడితే చంద్రుడి నారింజ రంగుని కెమెరా తప్పనుకుని కడిగేస్తుంది, రా ఫైలే (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచేది) కాబట్టి తర్వాత మార్చుకోవచ్చు గానీ అక్కడ స్క్రీన్ మీద చూసేది మనల్ని తప్పుదారి పట్టించకూడదు.

ఐదో నిమిషం దాటింది. గట్టు అంచున చెట్టు మొదట్లో ఎవరో నిప్పు రాజేసినట్టు ఒక నారింజ గీత. లెక్కలు ఎన్నిసార్లు వేసుకున్నా అది కనిపించే దాకా ప్రాణం నిలవదు.

ఎక్స్‌పోజర్ దగ్గర ఒక్క మాట. లూనీ 11 ప్రకారమైతే ఎఫ్/8, ఐఎస్ఓ 400కి 1/800 సెకను రావాలి. నేను తీసింది 1/15కి, ఐదున్నర స్టాపులకి పైగా ఎక్కువ. రెండు డిగ్రీల ఎత్తులో ఉన్న చంద్రుడి వెలుగు మనల్ని చేరడానికి, నెత్తి మీద ఉన్నప్పటికన్నా సుమారు 19 రెట్ల గాలిని దాటాలి, దిగంతం మీదే ఉంటే 38 రెట్లు. ఆ గాలి నీలాన్ని చెదరగొట్టేసి నారింజని మిగులుస్తుంది, వెలుగునీ తినేస్తుంది. ఆ సాయంత్రం నా అంచనాలో నాలుగు స్టాపులు తినేసింది, మిగతాది నేను కావాలని ఇచ్చిన వెలుగు. గాలి ఇలా వెలుగుని తినడం మనకి మేలే, మండిపోయే చంద్రుణ్ణి దించి సందె వెలుగు స్థాయికి తెస్తుంది. కానీ ఎంత తింటుందో రోజునిబట్టి, దుమ్మునిబట్టి, తేమనిబట్టి మారుతుంది కాబట్టి ముందే అంకె చెప్పలేం, అక్కడికక్కడ చూసుకోవాల్సిందే.

చూసుకునేటప్పుడు జాగ్రత్త పడాల్సింది రెడ్ ఛానల్ దగ్గర. మొదటి రెండు ఫ్రేములు 1/8కి తీశాను. మామూలు తెల్ల హిస్టోగ్రామ్‌లో (ఫ్రేములో ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచుకి ఇంకా బోలెడు చోటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు కుడి గోడకి కొట్టుకుని నిలబడి ఉంది. ఎరుపు పోయిందంటే చంద్రుడి మీది మచ్చలు పోయినట్టే, తర్వాత ఎంత లాగినా అక్కడ చదునైన నారింజ బిళ్ళే మిగులుతుంది. ఒక స్టాపు తగ్గించి 1/15కి వచ్చాను, ఎరుపు గోడ వదిలి కాస్త ఇవతలికి జరిగింది.

ఆరో నిమిషం నుంచి ఆపకుండా తీశాను, మొత్తం 46 ఫ్రేములు. ఎందుకన్ని అంటే, పగలంతా కాగిన నేల మీదుగా 1.6 కిలోమీటర్ల గాలి ఉంది మధ్యలో. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తుంటే చంద్రుడి అంచు, మరిగే నీళ్ళ అడుగున ఉన్న నాణెంలా వణుకుతోంది. చెట్టు చివరి రెమ్మలు ఒక ఫ్రేములో తెగిపోయి, ఇంకో ఫ్రేములో మందంగా, మరోదాన్లో గీసినట్టు. ఎంత మంచి లెన్స్ ఉన్నా దీన్ని ఆపలేదు. చెయ్యగలిగింది ఒక్కటే, ఎక్కువ తియ్యడం, గాలి ఒక్క క్షణం నిలిచిన ఫ్రేము దొరుకుతుందని. 46లో మూడు దొరికాయి. మధ్యలో రెండుసార్లు ట్రైపాడ్ ఎత్తి ఎడమకి రెండేసి మీటర్లు జరిగాను, చంద్రుడు ఆ వేగంతోనే కుడికి పోతున్నాడు కాబట్టి. జరగడానికి రెండు వైపులా చోటుందని పగలే చూసి పెట్టుకోవడం ఇక్కడ కాపాడింది.

ఎంచుకున్న ఫ్రేములో, చెట్టు కుడివైపు కొమ్మ మీద ఒక పిట్ట ఉంది. తీస్తున్నప్పుడు నేను చూడలేదు. ఇంటికొచ్చి వంద శాతానికి పెంచి చూస్తే ముక్కు కూడా తెలుస్తోంది, సరిగ్గా చంద్రుడి మీది నల్లటి మచ్చ అంచున కూర్చుని ఉంది. మూడింటిలో దీన్నే ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణం.

ఎడిటింగ్‌లో చేసింది కొంచెమే. నీడల్ని స్టాపున్నర పైకి లాగాను, కొండ వాలు మీది గడ్డి అప్పుడు బయటపడింది. రంగు డేలైట్‌లోనే వదిలేశాను, కొద్దిగా నాయిస్ తగ్గించాను, పక్కల క్రాప్ చేశాను. చంద్రుడు పూర్తి గుండ్రంగా లేడు, కింది అంచు కాస్త నొక్కినట్టు ఉంది. అది లెన్స్ లోపం కాదు, దిగంతం దగ్గర గాలి కింది అంచుని పై అంచుకన్నా ఎక్కువ పైకి వంచి చూపిస్తుంది. దాన్ని సరిచెయ్యమని ఒకరిద్దరు చెప్పారు, నేను ముట్టుకోలేదు. ఆ నొక్కుడే అతను అప్పుడు అక్కడ ఉన్నాడనడానికి సాక్ష్యం.

అతికించడం గురించి నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. ట్రైపాడ్ కదలకుండా, అదే లెన్స్‌తో, అదే నిమిషంలో చంద్రుడికొకటి నేలకొకటి తీసి కలపడం నాకు అభ్యంతరం కాదు, కలిపానని చెబితే చాలు. వైడ్ లెన్స్‌తో తీసిన నేల మీద టెలిఫొటో చంద్రుణ్ణి తెచ్చి పెట్టి "ఇలాగే కనిపించాడు" అనడం మాత్రం అబద్ధం, అది చూసి నేర్చుకుందామని వచ్చేవాళ్ళకి చేసే అన్యాయం కూడా. ఎన్ని పౌర్ణములు తిరిగినా వాళ్ళకి అలాంటి చంద్రుడు కనిపించడు, లోపం తమలోనే ఉందనుకుంటారు. పట్టుకోవడం కష్టం కాదు. మబ్బు చంద్రుడి వెనక ఉంటుంది, లేదా నెలవంక చీకటి భాగంలో నక్షత్రం మెరుస్తుంది, లేదా ఆకాశం నడిరాత్రిలా ఉండి చంద్రుడి మీద మచ్చలన్నీ స్పష్టంగా, నేల మీద గడ్డిపోచ కూడా స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు అదే కొండకి అవతలి వైపు పని మొదలుపెట్టాను. తెల్లవారుజామున అస్తమించే చంద్రుడు చెట్టు వెనక రావాలంటే అటువైపు నిలబడాలి. రాత్రంతా నేల చల్లారి ఉంటుంది కాబట్టి వణుకు తగ్గుతుందని ఆశ. అస్తమయంలో ఇంకో సౌకర్యం, చంద్రుడు ఎక్కడినుంచి దిగుతున్నాడో ముందునుంచీ కనిపిస్తూనే ఉంటాడు, జరగడానికి టైం ఉంటుంది. అటువైపు నుంచి చెట్టుకి ఒక పక్క కొమ్మలు తక్కువ, 600 పిక్సెళ్ళ దూరం మళ్ళీ కొలవాలి. పోయిన వారం పగలు వెళ్ళి సగం వంపు నడిచాను, మిగతా సగం ఈ వారం.